గుంపుగా ఈదే చిన్న చేపల పెంపకం

నియాన్ టెట్రా, కార్డినల్ టెట్రా, హార్లెక్విన్ రాస్బోరా, జీబ్రా డానియో వంటి చిన్న చేపలు పెద్ద చేపల నోట పడకుండా ఉండేందుకు, పక్కనున్న వాటిని కళ్లతో కనిపెడుతూ, ఒంటికి ఇరువైపులా ఉండే పార్శ్వరేఖ అనే జ్ఞానాంగంతో నీటి కదలికను పసిగడుతూ కలిసి తిరుగుతాయి. రెండు మూడు చేపలనే తెచ్చి వదిలితే అవి బెదిరి రంగు తగ్గి, మొక్కల చాటున నక్కి, మేత కూడా సరిగా తినవు. ఒకే జాతి చేపలు కనీసం 6, వీలైతే 10 లేదా 12 ఉండాలి. రకానికి రెండు చొప్పున అయిదు రకాలు కొనడం నా దృష్టిలో పెద్ద పొరపాటు, ఎందుకంటే అన్ని చేపలున్నా అందులో ఏ ఒక్కదానికీ గుంపు ఉండదు.

గుంపు అడ్డంగా ఈదుతుంది కనుక తొట్టెకు ఎత్తు కన్నా పొడవు ముఖ్యం. నియాన్‌ల వంటి వాటికి 60 సెంటీమీటర్ల పొడవు, సుమారు 60 లీటర్ల నీరు ఉంటే మంచి ఆరంభం. చురుకైన డానియోలకు ఇంకా పొడవైనది మేలు. అవి ఎగిరి బయట పడగలవు కాబట్టి మూత తప్పనిసరి.

అన్నిటికన్నా ఓపిక కావలసింది నీటిని సిద్ధం చేయడంలోనే. చేపల విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి వెలువడే అమ్మోనియా విషం. ఫిల్టర్‌లో స్థిరపడిన బ్యాక్టీరియా దానిని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ ప్రమాదం చాలా తక్కువ. కొత్త తొట్టెలో ఈ బ్యాక్టీరియా పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంతవరకు చేపలు లేకుండానే ఫిల్టర్ నడుపుతూ, చిటికెడు మేత గానీ కొలత ప్రకారం అమ్మోనియా గానీ వేస్తూ, టెస్ట్ కిట్‌తో పరీక్షిస్తూ ఉండాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగి అలాగే నిలిచాకే చేపలను తేవాలి. నీరు తేటగా కనిపించినంత మాత్రాన సిద్ధమైనట్టు కాదు, ఈ విషాలు కంటికి కనిపించవు.

తెచ్చిన సంచిని 15, 20 నిమిషాలు తొట్టె నీటిపై తేలనిచ్చి, తొట్టె నీటిని కొద్దికొద్దిగా సంచిలో కలిపి, చివరికి చేపలను మాత్రమే వలతో తీసి వదలాలి. ఇదివరకే చేపలున్న తొట్టె అయితే, కొత్తవాటిని ముందు రెండు మూడు వారాలు వేరుగా ఉంచి గమనించాలి. నియాన్‌లకు 22 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ వేడి సరిపోతుంది. కార్డినల్‌లకు కాస్త ఎక్కువ కావాలి. ఏంజెల్ చేప పెరిగి పెద్దదయ్యాక నియాన్‌ను మింగేయగలదు కనుక వాటిని కలపకూడదు.

నోరు చిన్నది కాబట్టి మేత సన్నగా ఉండాలి. రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత వేస్తే చాలు. వారానికోసారి నాలుగో వంతు నీటిని మార్చాలి. కొళాయి నీటిలోని క్లోరిన్‌ను వాటర్ కండిషనర్ అనే ద్రవంతో పోగొట్టి, తొట్టె నీటి వేడికి సమానంగా ఉండేటట్టు చూసి పోయాలి. ఫిల్టర్ స్పాంజ్‌ను కొళాయి కింద కడిగితే క్లోరిన్ వల్ల బ్యాక్టీరియా చనిపోతుంది. తొట్టె నుంచి తీసిన నీటిలోనే పిండాలి.

చీకటిలో నియాన్‌ల నీలిచార వెలవెలబోవడం సహజమే, వెలుగు వచ్చిన కాసేపటికి మళ్లీ మెరుస్తుంది. అయితే పగటిపూట గుంపును వదిలి ఒక చేప విడిగా నిలిచినా, ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు కనిపించినా ఆలస్యం చేయక ముందు నీటిని పరీక్షించి, ఆ తర్వాతే మందు గురించి ఆలోచించాలి.