జపాన్‌లో అక్టోబరు, నవంబరు: ముందు కవర్లు చదవండి, తర్వాత పుస్తకాలు

ఇండియాలో ఉద్యోగం చేసినవాళ్ళకి పన్ను టెన్షన్ జనవరి, ఫిబ్రవరిలో మొదలై మార్చితో తీరిపోతుంది. జపాన్‌లో లెక్క జనవరి 1 నుంచి డిసెంబరు 31 వరకు కాబట్టి, ఇక్కడ ఆ హడావుడి సరిగ్గా దసరా, దీపావళి రోజుల్లో వచ్చిపడుతుంది. ఎండలు తగ్గి, సాయంత్రం ఐదు కాకుండానే చీకటిపడి, ఇంట్లో కూర్చోవాలనిపించే రోజులు ఎలాగూ అవే. కాబట్టి ఓ రెండు మూడు సాయంత్రాలు దీనికి కేటాయిస్తే చాలు.

మొదట అక్టోబరు జీతం స్లిప్పు తీసి చూడండి. జీతం మారకపోయినా చేతికొచ్చేది తగ్గిందంటే కంపెనీ ఏదో తప్పు చేసిందని కంగారుపడక్కర్లేదు. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో మీకు ఇచ్చిన జీతం సగటు చూసి (ఓవర్‌టైమ్, రైలు పాస్ డబ్బులు కూడా కలిపి) ఆరోగ్య బీమా, పెన్షన్ కోతలను సెప్టెంబరు నుంచి కొత్తగా లెక్కగడతారు. చాలా కంపెనీల్లో అది అక్టోబరు జీతంలో కనిపిస్తుంది. ఆ మూడు నెలల్లో రాత్రుళ్ళు కూర్చుని పనిచేసినవాళ్ళకి ఏడాది పొడవునా ఆ కోత పెద్దదిగానే ఉంటుంది, మామూలుగా అయితే వచ్చే సెప్టెంబరు దాకా మారదు.

ఇక నెన్‌మత్సు చోసే, అంటే కంపెనీయే మీ ఏడాది పన్నుని సరిచూసి లెక్క తేల్చే పని. అక్టోబరు చివర్లోనో నవంబరులోనో కంపెనీ ఫారాలు ఇస్తుంది, కొన్ని చోట్ల యాప్‌లో నింపమంటారు. దీనికోసమే అక్టోబరు నుంచి మీ పోస్టు డబ్బాలో జీవిత బీమా కంపెనీల హగాకీలు (పోస్టుకార్డులు), భూకంప బీమా కాగితాలు, ఐడెకో (సొంతంగా కట్టుకునే పెన్షన్) కడుతున్నవాళ్ళకి దాని సర్టిఫికెట్ వచ్చిపడుతుంటాయి. పిజ్జా కరపత్రాలతో పాటు వాటినీ చెత్తలో పడేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. చదవడం రాకపోతే ఫోన్ కెమెరా పెట్టి అనువాదం చూసుకోండి, అన్నీ ఒకే ఫైల్లో పెట్టండి. పోయినా మళ్ళీ ఇస్తారు కానీ కంపెనీ పెట్టిన గడువు లోపు రాకపోవచ్చు.

మనవాళ్ళకి అన్నిటికన్నా పెద్ద విషయం ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలది. వాళ్ళని మనమే పోషిస్తుంటే డిపెండెంట్లుగా చూపించుకోవచ్చు, కాకపోతే 2023 నుంచి రూల్ బిగించారు. విదేశంలో ఉన్న బంధువు వయసు 30 నుంచి 69 మధ్య ఉంటే, వాళ్ళు వికలాంగులో, చదువు కోసం జపాన్ వదిలి వెళ్ళినవాళ్ళో కాకపోతే, ఆ ఏడాదిలో ఆ ఒక్కరికే 3,80,000 యెన్లు లేదా అంతకన్నా ఎక్కువ పంపినట్టు కాగితం ఉండాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. డబ్బంతా నాన్న ఖాతాలోకి పంపి, ఇంట్లో ఇద్దరూ వాడుకుంటారులే అంటే కుదరదు, అది నాన్న ఒక్కరి లెక్కలోకే వెళ్తుంది. అమ్మని కూడా చూపించాలంటే అమ్మ పేరు మీదున్న ఖాతాకి విడిగా పంపాలి. ఊరెళ్ళినప్పుడు చేతికిచ్చింది లెక్కలోకి రాదు. డెబ్బై దాటినవాళ్ళకి ఆ 3,80,000 షరతు లేదు గానీ పంపిన రసీదులు మాత్రం ఉండాలి. బంధుత్వం చూపే కాగితాలకి జపనీస్ అనువాదం జత చేయాలి.

ఎంత మిగులుతుందంటే, మీ ఆదాయపు పన్ను 10 శాతం శ్లాబులో ఉంటే ఒక్కరికి 38,000, దాని మీద మరుసటి ఏడాది జూమిన్‌జెయ్‌లో (మీరుండే ఊరికి కట్టే నివాస పన్ను) ఇంకో 33,000, మొత్తం సుమారు 70 వేల యెన్లు. ఎలాగూ పంపేవాళ్ళకి ఇది మంచి మొత్తమే. పన్ను కోసమని అవసరం లేకపోయినా 3,80,000 పంపడంలో మాత్రం నాకు అర్థం కనిపించదు. దసరాకి డబ్బు పంపేటప్పుడే ఈ ఏడాది ఎవరికి ఎంత వెళ్ళిందో కూడిక వేసి చూడండి, తక్కువ పడితే డిసెంబరులోపు సరిచేసుకునే టైముంటుంది. పాత ఏళ్ళలో పంపి కూడా చూపించనివాళ్ళు, రసీదులుంటే, ఐదేళ్ళ వరకు వెనక్కి వెళ్ళి టాక్స్ ఆఫీసులో రీఫండ్ అడగొచ్చు.

ఫురుసాతో నోజెయ్‌ (ఊళ్ళకి విరాళం ఇచ్చి పన్ను తగ్గించుకునే పద్ధతి)కి గడువు డిసెంబరు 31. మీకు నచ్చిన ఊరికి విరాళం ఇస్తే, మీ పరిమితి లోపల 2,000 యెన్లు పోను మిగతాది పన్నులో తగ్గుతుంది, పైగా ఆ ఊరి సరుకు ఇంటికొస్తుంది. పరిమితి మీ ఆదాయాన్ని, కుటుంబాన్ని బట్టి ఉంటుంది. అమ్మానాన్నలని డిపెండెంట్లుగా చూపిస్తే అదీ తగ్గుతుంది, కాబట్టి కాలిక్యులేటర్‌లో వాళ్ళని కూడా వేసి చూడండి. పాయింట్లు ఇచ్చే సైటు కోసం వెతకడం ఇప్పుడు అనవసరం, 2025 అక్టోబరు నుంచి అవి ఇవ్వకూడదన్నారు. కేటలాగ్ నిండా పీతలు, చేపలు, గొడ్డు మాంసం కనిపించి శాకాహారులు నీరసపడతారు గానీ, యమనాషి ద్రాక్ష, వాకాయామా మికాన్ (చిన్న కమలాలు), టాయిలెట్ పేపర్, ఈ కాలంలో కొత్త బియ్యం అన్నీ దొరుకుతాయి. ఆ బియ్యంతో పులిహోర మాత్రం ఆశించకండి, ముద్దవుతుంది. పెరుగన్నానికి భలే ఉంటుంది.

ఐదు ఊళ్ళకి మించకుండా ఇచ్చినవాళ్ళకి, టాక్స్ రిటర్ను వేయకుండానే తగ్గింపు ఇచ్చే వన్‌స్టాప్ ఫారం సరిపోతుంది, అది జనవరి 10 లోపు ఆ ఊరి ఆఫీసుకి చేరాలి. అయితే ఆసుపత్రి ఖర్చుల కోసమో, ఇంటి లోన్ మొదటి ఏడాది అనో మీరే కకుతెయ్ షిన్‌కొకు (సొంతంగా వేసే టాక్స్ రిటర్ను) వేస్తే వన్‌స్టాప్ చెల్లదు, విరాళాలన్నీ అందులో మళ్ళీ రాయాలి. ఇంకొకటి, డిసెంబరులోనే జపాన్ వదిలి వెళ్ళిపోయేవాళ్ళు దీని జోలికి పోవద్దు. జూమిన్‌జెయ్ జనవరి 1న ఇక్కడ అడ్రసు ఉన్నవాళ్ళకే పడుతుంది, పన్నే లేనప్పుడు అందులోంచి తగ్గేదేముంది?

నిసా, అంటే లాభాల మీద పన్ను పడని పెట్టుబడి ఖాతా గురించి క్లుప్తంగా. 2024లో మారిన పద్ధతిలో ఏడాదికి 36 లక్షల యెన్ల దాకా పెట్టొచ్చు, వాడని ఏడాది పరిమితి వచ్చే ఏడాదికి రాదు. అలా అని అప్పు చేసి నింపక్కర్లేదు. రెండు మూడేళ్ళలో ఇండియా వెళ్ళిపోవాలనుకునేవాళ్ళు ముందు మీ బ్రోకర్‌ని అడగండి, దేశం వదిలితే ఖాతా ఏమవుతుందని. ఐడెకో అయితే 60 ఏళ్ళ దాకా చేతికి రాదు, అది గుర్తుపెట్టుకుని దిగండి.

కాగితాల పని అయ్యాక చదువు. అక్టోబరు 27 నుంచి నవంబరు 9 వరకు ఇక్కడ పుస్తక పఠన వారాలు, 1947 నుంచి నడుస్తున్నాయి. టోక్యోలో ఉంటే ఆ రోజుల్లోనే జింబోచోలో పాత పుస్తకాల జాతర, యాసుకుని దోరి పొడవునా అరలు పెడతారు. ఇంగ్లీషు పుస్తకాలూ దొరుకుతాయి, కానీ కొనకుండా తిరిగినా సాయంత్రం గడిచిపోతుంది. రోజువారీ చదువుకి మాత్రం మీ వార్డు లైబ్రరీయే దిక్కు. జైర్యూ కార్డు (విదేశీయుల నివాస కార్డు) చూపిస్తే ఉచితంగా కార్డు ఇస్తారు, ఆన్‌లైన్‌లో రిజర్వ్ చేస్తే మీ దగ్గరి బ్రాంచికి తెచ్చిపెడతారు. జపనీస్ నేర్చుకునేవాళ్ళు సిగ్గుపడకుండా పిల్లల విభాగంలో కూర్చోండి, కష్టమైన అక్షరాలని ఎలా పలకాలో చిన్నగా రాసిన ఫురిగానా ఉంటుంది కాబట్టి పన్ను గురించిన బొమ్మల పుస్తకం కూడా నడుస్తుంది. డబ్బు పత్రికలు కూడా అక్కడే ఉంటాయి, మామూలుగా తాజా సంచిక అక్కడే చదవాలి, పాతవి ఇంటికిస్తారు. వేలకు వేలు పోసి ఆన్‌లైన్ కోర్సు కొనేముందు వాటిలో నాలుగు తిరగేయండి.

పుస్తకాల షాపుల్లో ఇప్పుడే వచ్చే ఏడాది డైరీలు, కకేబోలు (ఇంటి ఖర్చుల పుస్తకాలు) గుట్టగా పోస్తారు. 1904లో హని మొతోకో అనే పాత్రికేయురాలు తెచ్చిన ఇంటి లెక్కల పుస్తకం నుంచి వచ్చిన అలవాటు అది. యాప్ వాడినా ఫరవాలేదు, కానీ ఇండియాకి పంపేదానికి విడిగా ఒక వరస గీసుకోండి, తేదీ, ఎవరి ఖాతా, ఎన్ని యెన్లు. వచ్చే నవంబరులో ఫారం నింపేటప్పుడు ఆ పేజీ ఒక్కటే ముందు పెట్టుకుంటే సరిపోతుంది. డిసెంబరు, జనవరిలో కంపెనీ ఇచ్చే గెన్‌సెన్ చోషూహ్యోలో (ఏడాది జీతం, కోసిన పన్ను చూపే కాగితం) డిపెండెంట్ల సంఖ్య, బీమా మినహాయింపు సరిగ్గా పడ్డాయో లేదో దాంతో పోల్చి చూసుకోండి, తేడా ఉంటే వెంటనే హెచ్‌ఆర్‌కి చెప్పండి. జనవరి దాటితే ఫిబ్రవరి, మార్చిలో మీరే టాక్స్ ఆఫీసు క్యూలో నిలబడాల్సి వస్తుంది.