పౌడర్‌లో రాకర్ స్కీలు: ఎంచుకోవడం, నడపడం

పౌడర్‌లో, అంటే కొత్తగా పడిన మెత్తటి మంచులో, "బరువు వెనక్కి వేయాలి" అన్నది సన్నటి స్కీల కాలం నాటి సలహా. వాటి ముక్కు మంచులో కూరుకుపోయేది, వెనక్కి వాలక తప్పేది కాదు. 2002లో స్కీయర్ షేన్ మెకాంకీ ఆలోచనతో వోలాంట్ స్పాట్యులా వచ్చింది. నీటిపై స్కీయింగ్ పలకల్లా వెడల్పుగా, రెండు కొసలూ పైకి వంగి ఉండే స్కీ అది. ఇప్పటి రాకర్ (కొసలు పైకి వంగిన) స్కీలకు దారి చూపింది అదే.

అద్దెకు తీసుకునేటప్పుడు రెండు స్కీల అడుగులనూ ఒకదానికొకటి ఆనించి పక్కనుంచి చూడండి. ముక్కుల దగ్గర ఎంత లోపలి నుంచే విడిపోతే రాకర్ అంత ఎక్కువ. పాదం దగ్గర సందు కనిపిస్తే అక్కడ కాంబర్ (మధ్యలో విల్లులా పైకి ఉండే వంపు) ఉంది. గుల్‌మార్గ్‌లో పైన అఫర్వత్ కొండ వాలుల్లో పౌడర్ దొరికినా, కింద తొక్కుడుపడిన గట్టి మంచు మీదుగా దిగాల్సి వస్తుంది. అందుకని రాకర్, కాంబర్ రెండూ కలిసినదే మేలు, నడుము (స్కీ మధ్య వెడల్పు) 105–115 మి.మీ. రాకర్ ఎక్కువైతే గట్టి మంచు మీద అంచు ఆనే పొడవు తగ్గుతుంది, కాబట్టి మీ ఎత్తుకు సమానంగానో 5–10 సెం.మీ. ఎక్కువగానో తీసుకోండి. బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే అమరిక) బ్రేకు కూడా నడుము కంటే కాస్త వెడల్పు ఉండాలి, లేదంటే బ్రేకు కడ్డీలు స్కీ అంచులకు తగులుకుంటాయి.

నడిపేటప్పుడు మోకాలి కింద కాలి ముందుభాగం బూటు నాలుకకు ఆని ఉండాలి. రెండు కాళ్ల మీదా బరువు దాదాపు సమానంగా వేయండి. బయటి కాలి మీదే మోపితే అది మునిగి, రెండోది తేలి, కాళ్లు విడిపోతాయి. వాలు తక్కువైతే మలుపులు తగ్గించి వేగం నిలుపుకోండి, వేగం లేకపోతే ఎంత వెడల్పు స్కీ అయినా మునుగుతుంది. వేగం తగ్గించాలంటే అంచును కోయనివ్వకుండా స్కీలను అడ్డంగా జార్చండి. పాత స్కీలతో ఇది దాదాపు అసాధ్యం. అలవాటుగా వెనక్కి వాలితే ముక్కులు పట్టు తప్పి తిరుగుతాయి, తొడలు గంటలోపే మండిపోతాయి.

ఇంత తేలికగా తేలే స్కీ మంచు చరియలు విరిగిపడడాన్ని మాత్రం ఆపదు. గుల్‌మార్గ్‌లో గస్తీ ఉండే గొండోలా బౌల్ దాటి వెళ్లేవాళ్లు ట్రాన్సీవర్ (మంచులో కూరుకున్నవాళ్ల జాడ తెలిపే సంకేత పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార తీసుకుని, ఆ రోజు హెచ్చరిక చూసుకుని, తోడుతోనే వెళ్లాలి.

పడినప్పుడు స్కీ ఊడిపోతే కిందికి వెతకొద్దు. సాధారణంగా అది మీరు ఆగిన చోటికి పైనే కూరుకుని ఉంటుంది. రెండో స్కీ తోకతో వాలుకు అడ్డంగా మంచును కోస్తూ వెతకండి.