గ్రేడిల్ 6 నుంచి 7కు ఒక్కసారిగా దూకకండి

గ్రేడిల్ అంటే కోడ్‌ను కంపైల్ చేసి ప్రోగ్రామ్‌గా తయారుచేసే (బిల్డ్ చేసే) టూల్. పాత జావా ప్రాజెక్టును గ్రేడిల్ 7కు మార్చగానే ‘కంపైల్ అనే మెథడ్ దొరకలేదు’ అంటూ బిల్డ్ ఆగిపోతుంది. డిపెండెన్సీలను (ప్రాజెక్టు వాడుకునే బయటి లైబ్రరీలను) రాసే ‘కంపైల్’, ‘టెస్ట్‌కంపైల్’ పదాలను 2021లో వచ్చిన 7.0లో పూర్తిగా తీసేశారు. వాటి బదులు ‘ఇంప్లిమెంటేషన్’, ‘టెస్ట్‌ఇంప్లిమెంటేషన్’ రాయాలి.

అయితే బిల్డ్ ఫైలంతా గుడ్డిగా మార్చేస్తే మరో చిక్కు. మీది లైబ్రరీ అయి, దాని పబ్లిక్ మెథడ్ వేరే లైబ్రరీ క్లాసును తిరిగి ఇస్తుంటే, ‘ఇంప్లిమెంటేషన్’ ఆ క్లాసును మీ కోడ్ వాడుకునేవారి కంపైలర్‌కు కనపడనివ్వదు. అక్కడ ‘జావా-లైబ్రరీ’ ప్లగిన్ పెట్టి ‘ఏపీఐ’ అని రాయండి. నేను ఈ తేడా తెలియక ఒక మధ్యాహ్నమంతా తగలేశాను.

అందుకే ముందు 6.9 దగ్గర ఆగండి. అక్కడ ‘వార్నింగ్-మోడ్’ ఆప్షన్‌ను ‘ఆల్’గా పెట్టి బిల్డ్ నడిపితే, 7లో ఏవి పనిచేయవో ముందే వరసగా చెబుతుంది. మామూలుగా నడిపితే చివర్లో ఒక్క ముక్క అని ఊరుకుంటుంది, దాన్ని ఎవరు చదువుతారు!

అన్నట్టు, ప్రాజెక్టుకు కావలసిన గ్రేడిల్ వెర్షన్‌ను దించి నడిపే చిన్న స్క్రిప్టును రాపర్ అంటారు; వెర్షన్ మార్చే ‘రాపర్’ టాస్క్‌ను రెండుసార్లు నడపండి. మొదటిసారి ప్రాపర్టీస్ ఫైలులో నంబరు మారుతుంది, రెండోసారికి రాపర్ జార్ ఫైలు కూడా కొత్తదవుతుంది.