చిన్న పికప్, వెనక గుర్రాల ట్రైలర్: ఎక్కడ తేడా కొడుతుంది

డాలస్ పైన డెంటన్ వైపు మా అమ్మాయి హార్స్ రైడింగ్‌లో చేరాక, మా మిడ్‌సైజ్ పికప్‌కి రెండు గుర్రాల ట్రైలర్ తగిలించాల్సి వచ్చింది. 6,400 పౌండ్లు లాగుతుందని రాసుంది కదా, ఇంకేం అనుకున్నా. లాగడంలో ఏ ఇబ్బందీ రాలేదు. వచ్చినవన్నీ వేరే.

వెనక కుంగింది, స్టీరింగ్ మరీ తేలిగ్గా తిరుగుతోంది

తప్పు పేలోడ్ లెక్కలో ఉంది. డ్రైవర్ డోర్ తీస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది: మనుషులు, సామాను కలిపి ఇంత దాటకూడదని. మా బండికి 1,150 పౌండ్లు. ఖాళీ ట్రైలర్ 3,000, గుర్రాలు రెండూ 2,200, జీన్లు, ఎండుగడ్డి, నీళ్లు 300. వెరసి 5,500. అందులో 12 శాతం, 660 పౌండ్లు, హిచ్ బాల్ (పికప్ వెనక ట్రైలర్ తగిలించే ఇనుప గుండు) మీదుగా పికప్ నెత్తినే పడుతుంది. మేం నలుగురం ఎక్కితే ఇంకో 550. అప్పటికే 1,210! ఐస్ బాక్స్ ఇంకా ఎక్కించనే లేదు.

ఇద్దరు వేరే కార్లో రావాలి, లేదా ఒక గుర్రాన్నే తీసుకెళ్లాలి. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కొంత బరువును ముందు చక్రాలకు సర్దుతుంది గానీ స్టిక్కర్ మీద అంకెను మార్చదు. ట్రక్ స్టాపులో ఒకసారి గుర్రాలతో సహా తూకం వేయించండి.

ట్రైలర్ తోక ఊపుతోంది

ఐ-35 హైవే మీద నాకిలా అయినప్పుడు పై ప్రాణాలు పైనే పోయాయి. కాలు బ్రేక్ మీదికే పోతుంది. వద్దు. గ్యాస్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్ (డ్రైవర్ దగ్గర నుంచే ట్రైలర్ బ్రేకులు వేసే పరికరం) మీటను మెల్లగా నొక్కితే ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడి వెనక్కి లాగుతాయి.

హిచ్ మీద బరువు 10 శాతంలోపు ఉన్నా, టైర్లలో గాలి తగ్గినా, వేగం ఎక్కువైనా ఇలా ఊగుతుంది. వేగం రేటింగ్ రాసి లేని ట్రైలర్ టైర్లు 65 మైళ్లకే చేసినవి. నేను 60 దాటను. ఒక్క గుర్రమే ఉంటే ఎడమవైపు కట్టండి. రోడ్డు కుడి అంచుకు వాలుగా ఉంటుంది.

బ్రేక్ నొక్కితే వెనకనుంచి నెడుతోంది

కంట్రోలర్ గెయిన్ (ట్రైలర్ బ్రేకులు ఎంత గట్టిగా పడాలో చెప్పే సెట్టింగ్) తక్కువ, లేదా ట్రైలర్ వైర్ల ప్లగ్ సరిగా కూర్చోలేదు. ఖాళీ పార్కింగ్ లాట్‌లో 20 మైళ్ల వేగంలో మీట నొక్కి చూడండి: చక్రాలు జారకుండా బండి గట్టిగా నెమ్మదించాలి. టెక్సస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి.

గతుకుల్లో టకటకమంటోంది

వెంటనే ఆపండి. 2 అంగుళాల బాల్ మీద, దానికంటే 5/16 అంగుళం పెద్ద బాల్‌కి చేసిన కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముందు కొస) పడినట్టే ఉంటుంది, ఎగిరితే ఊడుతుంది. గుర్రాలను ఎక్కించకముందే, లాక్ వేశాక ట్రైలర్ జాక్ తిప్పండి. పికప్ వెనక భాగం కూడా పైకి లేస్తేనే పట్టుకున్నట్టు.

గుర్రం చెమటతో దిగింది, తోక మొదట్లో వెంట్రుకలు అరిగాయి

దారి పొడుగునా వెనక కడ్డీకి ఆనుకుని నిలదొక్కుకుంది పాపం. మలుపు వస్తోందని దానికి తెలీదు. ఇందులో బండి తప్పేం లేదు, నాదే. "నాన్నా, మెల్లగా తిప్పు" అని మా అమ్మాయి రెండుసార్లు చెప్పింది కూడా.