కొయ్యలు కాల్చిన పొలం గట్టిపడుతోందా? లక్షణం, కారణం, పరిష్కారం

హైదరాబాద్ చుట్టుపక్కల చేవెళ్ల, శంకర్‌పల్లి, ఇబ్రహీంపట్నం వైపు హార్వెస్టర్‌తో వరి కోశాక మడిలో కొయ్యలు (కోసిన వరి మొదళ్లు), వాటి మీద వరుసలుగా గడ్డి మిగులుతాయి. ఒకపక్క యాసంగి నారు ముదురుతుంటుంది, కూలీలు దొరకరు. నిప్పు పెడితే సాయంత్రానికి పొలం ఖాళీ అవుతుంది. ఆ తొందర ఎవరికైనా అర్థమవుతుంది. కానీ ఏటా కాల్చే పొలంలో కింది లక్షణాలు కనిపిస్తే ఇంకో బస్తా యూరియా కొనే ముందు మట్టిని చూడండి.

వాన వెలిశాక పైన పెచ్చు కడుతోంది, మొలక రావట్లేదు

ఎర్ర చల్కా (ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర) నేలల్లో ఇది ముందుగా బయటపడుతుంది. రెండు రోజులు ఎండ కాస్తే చాలు, పైమట్టి గోటితో లేపితే పెచ్చులుగా ఊడి వస్తుంది. దాని కింద మక్క మొలక మెలికలు తిరిగి ఉంటుంది.

కారణం తేల్చుకోవడానికి రెండు గాజు గ్లాసులు చాలు. పొలంలోంచి ఒక చిన్న మట్టిపెళ్ల, ఎప్పుడూ మంట తగలని ఒడ్డు మీది నుంచి ఇంకొకటి తెచ్చి నీడన బాగా ఆరబెట్టండి. తర్వాత నీళ్లలోకి మెల్లగా వదలండి. ఒడ్డు పెళ్ల నిలబడి, పొలం పెళ్ల బుడగలు వదులుతూ నిమిషాల్లో బురదగా జారిపోతే మట్టిలో పట్టు పోయిందన్నమాట.

ఆ పట్టు ఇచ్చేది సేంద్రియ పదార్థం, దాన్ని తిని బతికే సూక్ష్మజీవుల జిగురు, బూజు పోగులు. గడ్డి వాటి తిండి. కాల్చినప్పుడు గడ్డిలోని కర్బనం దాదాపు అంతా, నత్రజనిలో ఎక్కువ భాగం పొగలో పోతాయి. ఒక్క మంటకే నేల ఇటుకలా కాలిపోదు. పరిచిన వరిగడ్డి చప్పున కాలిపోతుంది, వేడి పైపొర దాటి పెద్దగా దిగదు. అసలు నష్టం ఏటేటా తిండి అందకపోవడం వల్ల జరుగుతుంది. పైగా కప్పు లేని నేల మీద వాన చినుకు నేరుగా పడి కణికలు పగులుతాయి. ఆ సన్నటి మట్టి, బూడిద కలిసి రంధ్రాలను మూసేస్తాయి.

పరిష్కారం గడ్డిని నేలకే ఇవ్వడం. వరుసల గడ్డిని పొలమంతా పరిచి, ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ (భాస్వరం ఎరువు) చల్లి, తడి పెట్టి రోటవేటర్‌తో కలియదున్నండి. రెండు, మూడు వారాలు మురగనివ్వండి. ఈ గడువు కుదించొద్దు. గడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ కాబట్టి మురిగేటప్పుడు సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాక్కుంటాయి, కొత్తగా నాటిన పైరు పసుపు తిరుగుతుంది. అది చూసి టెన్షన్ పడి చాలామంది మళ్లీ మంట దారి పడతారు. అంత టైమ్ లేకపోతే బేలర్‌తో గడ్డి కట్టలు కట్టించి పశువులకు ఇవ్వండి, కొయ్యలను మాత్రం దున్నేయండి. వానాకాలానికి ముందు పచ్చిరొట్ట పైర్లయిన జీలుగ గానీ జనుము గానీ చల్లి, పూత దశలో కలియదున్నితే ఇంకా మంచిది. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువ ఉంటే ఒక్క పంటకాలంలో మార్పు ఆశించొద్దు.

నీళ్లు ఇంకట్లేదు

దీన్ని మంట మీదికే నెట్టేయకండి. నేల తడిగా ఉన్నప్పుడు సన్నటి ఇనుప చువ్వ గుచ్చి చూడండి. పైనే అడ్డుపడి, పెచ్చు దాటాక సులువుగా దిగితే కథ పైన చెప్పినదే. జానెడు లోతున ఆగిపోతే అది ఏళ్ల తరబడి దమ్ము చేయడం (నీళ్లు పెట్టి బురదగా దున్నడం) వల్ల, బరువైన యంత్రాల వల్ల ఏర్పడిన గట్టిపొర. ఏటా వరే వేసే మడిలో నీళ్లు నిలిపేది ఆ పొరే, దాన్ని పగలగొట్టొద్దు. మక్క లాంటి ఆరుతడి పంటకు మారేవాళ్లు మాత్రం ఎండాకాలంలో, నేల పొడిగా ఉన్నప్పుడు కింది పొరను చీల్చే సబ్‌సాయిలర్ తోలించాలి.

తడి పెట్టినా తొందరగా ఆరిపోతోంది

నల్లబడిన నేల ఎక్కువ వేడెక్కుతుంది, కప్పు లేకపోవడంతో తేమ ఆవిరైపోతుంది. వరి తర్వాత మక్క వేసేవాళ్లు దున్నకుండా కొయ్యల మధ్యే గింజ పెట్టి, గడ్డిని వరుసల నడుమ పరిస్తే తేమ నిలుస్తుంది.

పత్తి కట్టె కుప్పలు కాల్చిన చోట నీళ్లు పైనే నిలుస్తున్నాయి

కుప్ప చాలాసేపు కాలుతుంది, వేడి లోపలికి దిగుతుంది. కొన్నిసార్లు మట్టిలోని మైనం లాంటి పదార్థాలు ఆవిరై కింది రేణువులకు పూతలా అంటుకుంటాయి, అప్పుడు మట్టి నీటిని పట్టుకోదు. ఆ చోట మాత్రమే తవ్వి, మాగిన పెండ ఎరువు కలిపి తడుపుతూ ఉండండి. వచ్చే ఏడు కట్టెను ష్రెడ్డర్‌తో ముక్కలు చేయించి పొలంలోనే కలపండి. గులాబీ రంగు పురుగు ఆ కట్టెకు మిగిలిపోయిన కాయల్లో దాక్కుంటుంది కాబట్టి పత్తి తీత అయ్యాక చేను అలాగే వదిలేయకుండా వెంటనే చేయించండి.