అల్లకల్లోల సముద్రంలో కాటమరాన్ బోల్తా పడకుండా నడపడం ఎలా

కాటమరాన్ అనే మాట తమిళంలోని కట్టుమరం నుంచి పుట్టింది. విశాఖ తీరంలో పెరిగినవారికి ఆ మాట వినగానే దుంగలు కట్టిన తెప్ప గుర్తుకు వస్తుంది. ఇక్కడ చెబుతున్నది తెప్ప గురించి కాదు, రెండు సన్నని హల్‌లను (నీటిలో తేలే పడవ దేహాలను) వెడల్పైన డెక్‌తో కలిపి, లోపల గదులు, వంటగది అమర్చి, తెరచాపతో నడిపే ప్రయాణ నౌక గురించి.

దీనికి అడుగున బరువైన కీల్, అంటే పడవను నిలబెట్టే బరువు రెక్క, ఉండదు. నిలకడ అంతా వెడల్పు నుంచే వస్తుంది. పడవ బరువు 8 టన్నులు, రెండు హల్‌ల మధ్యరేఖల దూరం 6 మీటర్లు అనుకుంటే, గాలివైపు హల్ నీటిని వదిలే క్షణంలో పడవను తిరిగి నిలబెట్టే బలం 8 టన్నులను 3 మీటర్లతో గుణించినంత, అంటే 24 టన్ను-మీటర్లు. అంతకు మించిన బలం ఈ పడవ దగ్గర లేదు. సుమారు 10 డిగ్రీల ఒరుగుకే ఆ గరిష్ఠ స్థాయి చేరుతుంది, ఆ తరువాత ఒరిగే ప్రతి డిగ్రీకీ బలం తగ్గుతూ పోతుంది. కీల్ ఉన్న ఒంటి హల్ పడవ ముందునుంచే బాగా ఒరిగి నావికుణ్ణి హెచ్చరిస్తుంది, నీటిలో పడుకున్నంత పని అయినా చాలాసార్లు లేచి నిలబడుతుంది. కాటమరాన్ మాత్రం టేబుల్ మీది కాఫీ కప్పు కూడా కదలనంత నిశ్చలంగా వెళుతూనే ప్రమాదపు అంచుకు చేరుతుంది, తలకిందులైతే దానంతట అది లేవదు. నా దృష్టిలో ఈ నౌక గురించి తెలుసుకోవలసిన వాటిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

అందుచేత తెరచాపను ఎప్పుడు కుదించాలో ఒంటికి తోచినదాన్ని బట్టి కాక, గాలి కొలిచే మీటరును చూసి నిర్ణయించాలి. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక 20 నాట్ల (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.) గాలి 30 నాట్లయితే తెరచాప మీద బలం రెండింతలకు పైగా అవుతుంది. ఏ గాలికి తెరచాప ఎంత కుదించాలో తయారీదారు ఇచ్చిన పట్టికను సగటు గాలికి కాక, విసురు గాలికి అన్వయించుకోవాలి. వెనుక గాలితో వెళ్లేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం: 25 నాట్ల గాలిలో 10 నాట్ల వేగంతో పోతుంటే మీటరు 15 మాత్రమే చూపుతుంది, కానీ పడవను గాలికి అడ్డంగా తిప్పగానే మొత్తం గాలి మీద పడుతుంది. వేసవి సాయంత్రాల్లో సింహాచలం కొండల వెనుక నల్లమబ్బు కమ్మితే, ఈదురుగాలి తీరం దాటి రాకముందే తెరచాప కుదించాలి. గాలి ముందువైపు నుంచి వస్తుంటే ముక్కును గాలికి ఎదురుగా తిప్పాలి, వెనుక నుంచి వస్తుంటే గాలి పోయే దిశకే మళ్లించాలి.

గాలి ఒక్కటే కాదు, అల కూడా పడవను తిప్పేస్తుంది. విరిగే అల పడవ వెడల్పంత ఎత్తు ఉండి పక్కనుంచి కొడితే తెరచాప లేకపోయినా బోల్తా పడవచ్చు. డ్యాగర్‌బోర్డులు (పడవ పక్కకు జారకుండా హల్ గుండా నీటిలోకి దించే పలకలు) ఉన్న పడవలో అటువంటి సమయంలో వాటిని పైకి లాగితే, కాలు తట్టుకుని పడకుండా పడవ పక్కకు జారిపోతుంది. వెనుక అలలపై వేగంగా జారేటప్పుడు చాటువైపు (గాలివైపుకు అవతలి పక్క) ముక్కు ముందు అలలో గుచ్చుకుని పడవ పల్టీ కొట్టే ప్రమాదం కూడా ఉంది. దానికి మందు వేగం తగ్గించడమే: తెరచాప దించి, వెనుక నుంచి డ్రోగ్ (తాడుకు కట్టి నీటిలో ఈడ్చే, వేగానికి అడ్డుపడే సాధనం) లాగించాలి.

గోస్తని సముద్రంలో కలిసే భీమిలి వంటి నదీముఖాల దగ్గర, ఆటు నీరు సముద్రంలోకి లాగుతూ అలలు దానికి ఎదురొచ్చే వేళ, తీరం కనిపించిందని లోపలికి రాకండి. లోతు తగ్గేకొద్దీ అల నిటారుగా లేచి విరుగుతుంది. బయలుదేరే ముందు ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం) సముద్ర సూచన, విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం ప్రకటన చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన నగరం ఇది. తుపాను సూచన ఉన్నప్పుడు నౌకను హార్బర్ దాటనివ్వకూడదు.

బోల్తా పడినా పడవ సాధారణంగా మునిగిపోదు. ఈదుకుంటూ తీరానికి పోవాలని చూడకుండా దాన్నే అంటిపెట్టుకోండి. నీటిలోని తలకన్నా తిరగబడిన పడవ వెతికేవారి కంటికి చాలా ముందుగా కనబడుతుంది. అత్యవసర రేడియో బీకన్‌ను, చేతి వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్‌ను నీరు చొరని సంచిలో పెట్టి, తలకిందులైనప్పుడు కూడా చేతికి అందే చోట కట్టండి. ఆపదలో పిలవాల్సిన వీహెచ్‌ఎఫ్ 16వ ఛానెల్‌ను, తీరరక్షక దళం నంబరు 1554ను పడవలోని అందరికీ చెప్పండి. తప్పించుకునే హ్యాచ్‌ను (పడవ తిరగబడితే బయటపడే చిన్న తలుపును) ఎలా తెరవాలో రేవులో ఉండగానే ప్రతి ఒక్కరి చేత ఒకసారి చేయించండి, సముద్రంలోకి వెళ్లాక దాన్ని మూసి ఉంచండి.