తపాలా డబ్బా పక్కన చెక్కముక్క: వంటకాల పేర్లతో బొమ్మ పొడుపులు కట్టే పద్ధతి

ఎర్రటి తపాలా డబ్బా బొమ్మ ఒకటి, దాని పక్కన వడ్రంగి కోసిన చెక్కముక్క బొమ్మ ఒకటి పెట్టి, కింద అయిదు ఖాళీ గడులు గీసి, ‘ఇది తినే పదార్థం, పేరు చెప్పండి’ అని మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒక ఆదివారం పెట్టాను. కోస్తా జిల్లాల నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడినవారు తపాలచెక్క అని వెంటనే విప్పేశారు. దాదాపు అదే వంటకాన్ని సర్వపిండి అన్న పేరుతో చిన్ననాటి నుంచి తింటున్న వరంగల్, కరీంనగర్ వారు మాత్రం తపాలా కవరు, బల్ల, పోస్టుకార్డు అంటూ చాలాసేపు వెతుక్కున్నారు. అన్ని జిల్లాల వంటిళ్లూ ఒకే అంతస్తులో ఎదురెదురుగా ఉండే ఈ నగరంలో ఇటువంటి పొడుపులు బాగా పండుతాయి. కట్టడంలో కొన్ని మెళకువలు పాటించాలి.

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: బొమ్మ వంటకానికి కాదు, పేరులోని ధ్వనికి వేయాలి. సంకటి ముద్ద బొమ్మ పెట్టి రాగి సంకటి అనిపించుకోవడం పొడుపు కాదు, హోటలు మెనూ కార్డు. అదే పేరును విరిచి, ఒక రాగి చెంబు, బిడ్డను సంకనెత్తుకున్న తల్లి, ఒక టీ గ్లాసు వరుసగా పెడితే, చూసినవారికి వంటిల్లు గుర్తుకు రాదు. మూడు మాటలనూ పైకి పలికినప్పుడు మాత్రమే వంటకం పేరు నోట పడుతుంది. చివర ‘టి’ బదులు ‘టీ’ వచ్చింది గదా అని ఎవరైనా పట్టుకోవచ్చు. పదం చివరి అచ్చు కాస్త సాగితే ఫరవాలేదని నా అభిప్రాయం, మొదట్లోనో నడుమనో సాగితే మాత్రం విప్పేవారికి దారి తప్పుతుంది.

తెలుగులో ఒకే మాటకు రెండేసి అర్థాలున్న చోట్లే ఈ ఆటకు అసలైన పంట. కాజా అంటే మిఠాయి, చొక్కాకు బొత్తాం దూర్చే రంధ్రం కూడా కాజానే. కనుక మడత మంచం పక్కన చొక్కా కాజాను దగ్గరగా ఫొటో తీసి పెడితే తాపేశ్వరం మడత కాజా సిద్ధం. నేను కట్టినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే ఇందులో తిండికి సంబంధించిన బొమ్మ ఒక్కటీ లేదు. పూతరేకులకు మామిడి కొమ్మ మీది పూత, రేకుల షెడ్డు చాలు. ఉలవచారుకు గుర్రం, చారుగిన్నె పెట్టవచ్చు గాని, అక్కడ గుర్రం నుంచి దాని దాణా అయిన ఉలవలకు ఒక మెట్టు ఎక్కాలి. అటువంటి మెట్టు ఒక పొడుపులో ఒకటికి మించకూడదు.

హైదరాబాదులో మరో సౌకర్యం ఉన్నది: ఇక్కడివారి చెవికి ఉర్దూ, హిందీ మాటలు కూడా అలవాటే. కోతి బొమ్మ పక్కన లడ్డూ పెడితే పిల్లలు సైతం ‘బందర్’ అనుకొని బందరు లడ్డు అనేస్తారు. అయితే ఈ పొడుపు పెట్టిన రోజున, మచిలీపట్నంలో పుట్టి పెరిగిన ఒక పెద్దాయన తమ ఊరికి కోతిని తగిలించినందుకు నొచ్చుకున్నారు. ఫారసీలో బందర్ అంటే ఓడరేవు అని గుర్తుకు వచ్చి, మరుసటి వారం కోతిని తీసేసి రేవులో నిలిచిన ఓడ బొమ్మతో అదే పొడుపును మళ్లీ పెట్టాను. పిల్లలకు కష్టమైంది గాని, పెద్దాయన మొట్టమొదట విప్పారు. ఊరి పేరుతో ఆడుకునేటప్పుడు ఆ ఊరివారు గ్రూపులో ఉన్నారని తలచుకోవాలి. ఆ వరుసలోనే, దిబ్బరొట్టెకు ఇసుకదిబ్బ బొమ్మ వేయండి, పెంటదిబ్బ వద్దు.

లిపి విషయంలో జాగ్రత్త అవసరం. పాలతాలికలకు పాలగ్లాసు, మంగళసూత్రం కలిపి పెట్టి నేను ఒకసారి తప్పు చేశాను: అది తాళి, ఇది తాలిక. ‘ల’, ‘ళ’ల తేడాను పలుకుబడిలో వదిలేసేవారు ఒప్పుకుంటారు, పలికేవారు ఒప్పుకోరు, వాదన మాత్రం రాత్రి దాకా సాగుతుంది. పనసాకుల బుట్టలలో ఉడికించే కోనసీమ పొట్టెక్కల వంటి పేర్లలో సంధి వస్తుంది గనుక, పొట్ట బొమ్మకూ నిచ్చెన ఎక్కుతున్న మనిషి బొమ్మకూ నడుమ కూడిక గుర్తు పెట్టి, రెండు మాటలూ కలిసిపోతాయని తెలపాలి. ఒక అక్షరం తీసేయవలసి వస్తే దానిని రాసి అడ్డంగా కొట్టివేయాలి. సకినాలలోని ‘నాలు’ కోసం 4 అంకె వేసి, పక్కన ‘గు’ కొట్టివేసినట్లు.

గడులను అక్షరాల లెక్కన గీయాలి. తపాలచెక్కలో మన లెక్కకు త, పా, ల, చె, క్క అని అయిదే అక్షరాలు. కంప్యూటరు గుణింతపు గుర్తులను, పొల్లును కూడా విడివిడిగా లెక్కించి తొమ్మిది చూపుతుంది. యంత్రాన్ని నమ్మి తొమ్మిది గడులు గీస్తే ఎవరూ విప్పలేరు. ఈ గడుల వల్ల మరో మేలు ఉన్నది. ఒకే వంటకాన్ని ఒకచోట బొబ్బట్టు, మరొకచోట పోలె, రాయలసీమలో ఓళిగ అంటారు కనుక, గడుల సంఖ్య పెట్టి, ‘ఇది సీమ పేరు’ వంటి ఒక్క ముక్క రాస్తే తగవు ఉండదు.

బొమ్మలను ఇంటర్నెట్టు నుంచి ఎత్తుకురావడం కన్నా సొంతంగా ఫొటోలు తీసుకోవడం మంచిది. సర్వపిండి పేరు కోసం సర్వ అనే పాత్ర బొమ్మ కావాలంటే బేగంబజారు పాత్రల దుకాణాలలో దుకాణదారును అడిగి తీసుకోవచ్చు. రేకుల షెడ్డుకు ఏ బస్తీకి వెళ్లినా సరిపోతుంది. ఇమోజీలు ఫోను ఫోనుకూ రూపం మారతాయి, పైగా సర్వకూ మడత మంచానికీ ఇమోజీ దొరకదు. రెండు లేక మూడు బొమ్మలను తెల్లని నేపథ్యం మీద పెద్దవిగా పేర్చి, ఒకే చతురస్రపు చిత్రంగా పంపితే కళ్లద్దాలు వెతుక్కునే పెద్దవారికీ కనబడుతుంది. మాంసాహారపు పేరు అయితే పచ్చి మాంసం ఫొటో బదులు గీత బొమ్మ వాడడం గ్రూపు మర్యాద.

రోజుకు ఒక్కటి చాలు. జవాబులను గ్రూపులో కాక విడిగా పంపమని అడగాలి, లేకపోతే మొదటివారు విప్పగానే మిగిలినవారికి పని ఉండదు. వాట్సాప్ స్టేటస్‌లో పెడితే అది 24 గంటలలో మాయమవుతుంది కనుక గడువు దానంతట అదే కుదురుతుంది. సాయంత్రం దాకా ఎవరూ విప్పకపోతే ఒక గడి నింపి చూపండి. అప్పటికీ రాకపోతే తప్పు పొడిచినవారిదే.

విప్పిన తరువాత పేరు మాత్రమే చెప్పి ఊరుకోకుండా, వంటకం గురించి రెండు మూడు వాక్యాలు తప్పక రాయాలి. ఉదాహరణకు పూతరేకులకు నేను ఇలా రాశాను: ‘లోపల మంట పెట్టిన కుండను బోర్లించి, పలుచని బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డను దాని మీద లాగితే పూత పొరగా ఆరి రేకు అవుతుంది, నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి మడుస్తారు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.’ తపాలచెక్కకు, తడిపిన బియ్యప్పిండిలో శనగపప్పు, నువ్వులు, కారం కలిపి గిన్నె లోపలి గోడకే ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, వాటిలో నూనె పోసి కాలుస్తారనీ, తపేలాలో చేస్తే ఒక పేరు, సర్వలో చేస్తే మరో పేరు వచ్చిందనీ రాశాను. అది చదివిన మూడో అంతస్తు కరీంనగర్ వదినగారు ‘మేము గిన్నెప్ప అని కూడా అంటాం’ అని జవాబిచ్చి, మరుసటి ఆదివారం ఒక గిన్నె బొమ్మతో తన సొంత పొడుపును పంపారు.